కావ్యజన్మము – బాలసాహసము

1591లో చార్మినారును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా వసంతోత్సవములను, మృగశిర కార్తె తొలకరిని దక్కనీ భాషలో గానము చేసిన కవియనియు, ఆయన కవితలను 1616లో అల్లుడైన సుల్తాన్ మహమ్మద్ 'కుల్లియాత్'గా సంకలించెననియు పాతబస్తీ పిల్లలలో ఎందరెరుగుదురు? ఆ గ్రంథావిర్భావము నాధారముగా గొని అల్లిన సాహసగాథతో ఈ బాలల సంచిక ఆరంభమగుచున్నది.

కవితాపత్రములను మైనపుగుడ్డలో చుట్టి, రొమ్మున కదుముకొని, ఉప్పొంగు మూసీపై 1578 నాటి పురానాపూల్‌ను దాటు లేఖకుని శిష్యుడు కేవలము కల్పితుడు. వంతెనయు కావ్యమును సత్యములు. తెలిసిన చరిత్రను మార్పక, అది మౌనము వహించిన చోటనే కల్పనను నడపుట ఈ ప్రక్రియకు ప్రాణమని మా దృఢవిశ్వాసము.

తల్లిదండ్రులారా, కథ చదివించిన పిదప, నేడు కూరగాయల అంగళ్లతో సందడించు ఆ వంతెనపై పిల్లలను నడిపింపుడు. వారడుగు ప్రశ్నలన్నిటికిని ఓపికతో సమాధానము చెప్పుడు.