గట్టుకు ఇరుప్రక్కల



అప్పు అందరికీ అవసరమే గాని వడ్డీ అందరికీ ఒకటి కాదు. ఈ నెల ఆ సంగతే వ్రాయుచున్నాము.

గోదావరి, కృష్ణా డెల్టా గ్రామములలో వరి పండించువారిలో కౌలు రైతులు చాలామంది. గట్టుకు అటు సొంత చేను, ఇటు కౌలు చేను. విత్తనము, యూరియా, నాట్ల కూలి ఇద్దరికీ సమానమే. ఇద్దరికీ 50,000 రూపాయలు అప్పు కావలెననుకొందము. పట్టాదారు పాసుపుస్తకము గలవాడు బ్యాంకునకు వెళ్లును. 3 లక్షల వరకు పంట రుణమునకు ఏడాదికి నూటికి 7 రూపాయల వడ్డీ. గడువులోగా కట్టినచో 3 తగ్గి 4 మిగులును. అనగా 2,000 రూపాయలు. కౌలుదారుడు షావుకారు గడప ఎక్కును. అక్కడ నూటికి 2 రూపాయలన్నచో నెలకని అర్థము. ఏడాదికి 12,000. మూడు రూపాయల వడ్డీ అయితే 18,000. ఆపైన ధాన్యము తనకే తోలవలెనని షావుకారు షరతు పెట్టుటయు కద్దు. కష్టములో తేడా లేదు, కాగితములో ఉన్నది.

ప్రభుత్వము చూడకపోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రమున కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చు చట్టము వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మరియొక చట్టము చేసి, 11 నెలల ఒప్పందము మీద పంట సాగుదారు హక్కు పత్రము ఇచ్చిరి. పంట రుణము, బీమా, నష్టపరిహారము దానితో అందవలెనని ఉద్దేశము. అయితే దానికి భూయజమాని సంతకము కావలసివచ్చెను. చిక్కంతయు అక్కడే.

సంతకము పెట్టినచో పొలము పోవునేమోనని యజమానుల భయము. అది ఊరక పుట్టినది కాదు. 1956 నాటి కౌలు చట్టము కౌలుదారునికి రక్షణ కల్పించినప్పటినుండి కౌలు కాగితమెక్కుట అరుదాయెను. కాని 2019 నాటి పత్రము పంట మీద హక్కే గాని భూమి మీద హక్కు కాదు. పట్టాలో పేరు మారదు. కొందరికి మరియొక లెక్క గలదు. ఆ పొలము మీద పంట రుణము తామే తీసికొని యుందురు! దున్నినవాడొకడు, రుణమెత్తినవాడొకడు. దీనిని భయమని మేము అనలేము.

మన సంఘములలో పొలము కౌలుకిచ్చినవారును, చేయువారును ఒకే చాపమీద కూర్చుందురు. సార్వా దుక్కులకు ముందే ఇరువురును కలిసి గ్రామ రెవెన్యూ అధికారి యొద్ద ఆ ఏటి నిబంధన అడిగి తెలిసికొనుడి. పత్రము దొరకనివారు నలుగురు మొదలు పదిమంది వరకు ఉమ్మడి బాధ్యతా సంఘముగా ఏర్పడి, ఒకరికొకరు హామీగా నుండి బ్యాంకు రుణము అడుగవచ్చును. ఫారములు నింపి, వారితో బ్యాంకువరకు నడచుటకు చదువుకొన్న యౌవనస్థులు ప్రతి సంఘములోను గలరు.