కొండ దిగిన పాత సైకిళ్ళు



పోయిన నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి తగాదా తీర్చమని వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ ఊరి చివర కొత్తగా కట్టిన కాలనీ వెనక ఒక చిన్న గుట్ట ఉన్నదట. సెలవు రోజున తెల్లవారగానే వాడూ, వాడి స్నేహితులూ సైకిళ్ళు నెట్టుకుంటూ గుట్ట ఎక్కి, కాలిబాట వెంట రయ్యిన దిగుతారు. సరిగ్గా ఆ వేళకే కాలనీలోని పెద్దలు షికారుకు ఆ బాటనే వస్తారు. ఒకనాడు ఒక తాతగారు వీళ్ళకు తప్పుకోబోయి ముళ్ళపొదలో పడ్డారు. ఆనాటినుంచి గుట్టమీదికి సైకిలు రాకూడదని పెద్దలు కట్టడి చేశారు. "కొండమీద సైకిలు తొక్కటం తప్పా? సైకిలు కొన్నది బడికి పోవటానికే అంటున్నాడు మా నాన్న. మీరే న్యాయం చెప్పండి" అని రాశాడు.

నేను న్యాయాధిపతిని కాను. కాని సరిగ్గా ఇదే తగాదా నలభై ఏళ్ళకు పైబడి సాగుతున్న చోటు ఒకటి ఉన్నది. కొండ సైకిలుకు పుట్టినిల్లుగా పేరుపడింది కూడా ఆ చోటే. ఆ సంగతి చెబుతాను, వినండి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఉన్నది. అక్కడినుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా పోతే మరీన్ అనే జిల్లా వస్తుంది. నగరంలో ఉద్యోగాలు చేసేవారు చాలామంది అక్కడి చిన్న చిన్న ఊళ్ళలో కాపురం ఉంటారు. ఊళ్ళను ఆనుకునే కొండలు. వాటిలో పెద్దది టమల్పాయిస్, దాని ఎత్తు 2,571 అడుగులు. ఇంటి పెరటి తలుపు తీస్తే కొండదారి అన్నట్టుగా ఉంటుంది.

ఈ కొండకు వెనకటినుంచీ జారుడుబండ యోగం ఉన్నది కాబోలు! 1896లో దానిమీదికి ఒక చిన్న రైలు వేశారు. ఎనిమిది మైళ్ళకు పైగా ఉన్న ఆ దారిలో 281 వంపులు. ఎక్కేటప్పుడు ఇంజను నెట్టేది. దిగేటప్పుడు మాత్రం ఇంజను లేని పెట్టెలలో జనాన్ని కూర్చోబెట్టి, బ్రేకు పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టి, వదిలేవారు. కొండే వాళ్ళను కిందికి తీసుకుపోయేది! మోటారు కార్లు వచ్చాక 1930లో ఆ రైలు ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. మిగిలిన మట్టిదారి మీద ఈనాడు సైకిళ్ళు తిరుగుతున్నాయి.

1970 తరువాత ఆ ఊళ్ళలోని కొందరు యువకులకు ఒక సరదా పుట్టింది. వాళ్ళలో చాలామంది సన్నటి టైర్ల పందెం సైకిళ్ళు తొక్కేవారే. కాని ఆ సైకిళ్ళు కొండమీద రాళ్ళకు నిలవవు. అందుచేత వాళ్ళు పాత సామానుల కొట్లలో వెతికి, తమ తండ్రుల కాలంనాటి సైకిళ్ళు పట్టుకొచ్చారు. 1930, 40 ప్రాంతాల అమెరికాలో పిల్లలు తొక్కినవి అవి. లావుపాటి టైర్లు, బండ ఫ్రేము, బియ్యపు బస్తా అంత బరువు. వాటిని కొన్నవారు వాటి మడ్‌గార్డులూ, చైను కవర్లూ ఊడబీకి, తేలికచేసి, కొండమీదికి నెట్టుకుపోయేవారు.

ఫేర్‌ఫాక్స్ అనే ఊరి పక్కన పైన్ మౌంటెన్ అని ఒక కొండ ఉన్నది. అడవికి నిప్పు అంటుకుంటే ఆర్పే బళ్ళు పోవటానికి దానిమీద మట్టిదారి వేశారు. ఆ దారి రెండు మైళ్ళ దూరంలో సుమారు 1,300 అడుగులు దిగిపోతుంది. 1976 అక్టోబరు 21న ఆ యువకులు అక్కడ మొదటి పందెం పెట్టుకున్నారు. ఒకరి తరువాత ఒకరు దిగాలి, పట్టిన కాలం లెక్కకట్టాలి. ఆనాడు గెలిచినవాడు ఆలన్ బాండ్స్. తరువాత పందేలలో గేరీ ఫిషర్ అనే ఆయన 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. ఆ రికార్డు ఎవరూ తప్పించలేకపోయారు. వెండీ క్రాగ్ అనే అమ్మాయి 5 నిమిషాల 27 సెకన్లలో దిగింది. ఆనాటి సంగతులు ఈనాడు మనం బొమ్మలలో చూడగలుగుతున్నామంటే చాలావరకు ఆమె తీసిన ఫోటోల చలవే.

ఆ దారికి వాళ్ళు పెట్టిన పేరు "రీప్యాక్". అంటే "మళ్ళీ కూరు" అని అర్థం. ఏమిటి కూరటం? ఇక్కడ కొంచెం సైన్సు ఉన్నది.

ఆ పాత సైకిళ్ళకు హ్యాండిలు దగ్గర బ్రేకు ఉండదు. పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో ఉన్న బ్రేకు పట్టుకుంటుంది. మనిషీ, సైకిలూ కలిసి 100 కిలోలు ఉన్నారనుకోండి. 1,300 అడుగులంటే సుమారు 400 మీటర్లు. అంత ఎత్తునుంచి దిగుతూ వేగం పెరగకుండా ఆపాలంటే, ఆ ఎత్తులో ఉన్న శక్తి అంతా వేడిగా మారవలసిందే. లెక్కకడితే ఆ వేడి లీటరుంపావు నీళ్ళను కాచి తెర్లించటానికి చాలు. అందులో కొంత గాలి పంచుకుంటుంది, కొంత నేల పంచుకుంటుంది. మిగిలినదంతా గుప్పెడంత హబ్బులోకి పోవాలి! లోపల ఉన్న గ్రీజు కరిగి, మాడి, పొగలు కక్కేది. ఒకసారి దిగితే చాలు, హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరుకోవలసిందే. పేరు అలా వచ్చింది. మీరు సైకిలు పంపుతో జోరుగా గాలి కొట్టి దాని అడుగు ముట్టుకుని చూడండి. మీ చేతి శక్తి వేడిగా మారటం తెలుస్తుంది.

దిగటం సరే, ఎక్కటం ఎలా? ఒక గేరున్న ఆ బరువు సైకిలును తొక్కుతూ కొండ ఎక్కటం ఎవరి తరం! ఇంతలో 1974 డిసెంబరులో మరీన్‌లోని మిల్ వేలీ అనే ఊళ్ళో జరిగిన ఒక బురద పందేనికి దక్షిణాన ఉన్న కూపర్టినోనుంచి కొందరు వచ్చారు. వాళ్ళ లావు టైర్ల సైకిళ్ళకు గేర్లు బిగించి ఉన్నాయి. (ఆ కూపర్టినోలో ఈనాడు మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ బాబాయో, పిన్నో అక్కడ ఉంటే అడగండి.) గేరీ ఫిషర్ మొదలైనవారు తమ సైకిళ్ళకూ గేర్లు పెట్టారు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన పాతవాటికి అతుకులు వేయటం మాని, కొండకోసమే గట్టి గొట్టాలతో ఫ్రేము తయారు చేశాడు. ఆ మొదటి సైకిలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో కొండ సైకిలు పందెం చేర్చారు. పాత సామానుల కొట్లోనుంచి ఒలింపిక్సుకు ఇరవై ఏళ్ళు!

ఇక తగాదా సంగతి.

కొండమీద అంతకు ముందే నడిచేవారున్నారు, గుర్రాలపై తిరిగేవారున్నారు. మలుపులో చప్పుడు లేకుండా ఒక సైకిలు మీదికి దూసుకువస్తే నడిచే ముసలివారికి గుండె ఆగినంత పని. గుర్రం బెదిరితే పైనున్నవారిని విసిరికొడుతుంది. ఫిర్యాదులు పెరిగాయి. ఇరుకైన కాలిబాటలలో చాలావాటిమీదికి సైకిళ్ళు రాకూడదన్నారు. వెడల్పు మట్టిదారులమీద గంటకు 15 మైళ్ళు మించరాదనీ, ఎవరినైనా దాటేటప్పుడు 5 మైళ్ళకు తగ్గాలనీ నిబంధన పెట్టారు. వేగం కొలిచే యంత్రం చేతపట్టుకుని అడవి కాపలాదారులు పొదల చాటున కాచిన రోజులున్నాయి! కొండ సైకిలు పుట్టిన చోటే కొండబాట ఎక్కడానికి వీల్లేకపోవటం విడ్డూరంగా లేదూ?

సైకిళ్ళవల్ల బాటలు పాడైపోతున్నాయని నడిచేవారి మరొక ఫిర్యాదు. ఇందులో నిజమెంత? పరిశీలించినవారు చెప్పేదేమంటే, మనిషి పాదానికీ సైకిలు చక్రానికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు, గుర్రపు డెక్క ఇంకా ఎక్కువ తవ్వుతుంది. అయితే సైకిలుకు రెండు చెడ్డ అలవాట్లున్నాయి. వెనక చక్రం బిగబట్టి జార్చటం ఒకటి, వాన కురిసిన మెత్తని నేలమీద తొక్కటం రెండు. చక్రం చేసిన చాలు సన్నటి కాలువ అవుతుంది. అసలు దొంగ ఆ తరువాత వస్తాడు. వాడు నీరు!

వాననీరు ఎప్పుడూ దగ్గరిదారి చూసుకుంటుంది. బాట కొండమీదినుంచి నిలువునా దిగితే నీరు కూడా ఆ బాటనే పట్టుకుంటుంది. మొదటి వానకు మన్ను పోతుంది, రెండో వానకు గులకరాళ్ళు పోతాయి, నాలుగేళ్ళకు బాట పోయి వాగు మిగులుతుంది. మందను కొండమీద మేపేవారిని అడగండి, ఆవు నిలువునా కొండ ఎక్కదు, ఏటవాలుగా ఎక్కుతుంది. బాటలు వేయటం తెలిసినవారు చేసేదీ అదే. కొండ ఎంత వాలుగా ఉంటే బాట అందులో సగానికి మించి వాలు ఉండకూడదని వాళ్ళ లెక్క. కొండ వందడుగులకు ఇరవై అడుగులు లేస్తుంటే, బాట పదడుగులకు మించి లేవకూడదన్నమాట. బాటకు లోయవైపు అంచు కొంచెం పల్లంగా ఉంచుతారు, నీరు అడ్డంగా దాటిపోతుంది. అక్కడక్కడ బాటను కాస్త దించి, మళ్ళీ ఎత్తుతారు. ఎంత నీరు వెంటబడి వచ్చినా ఆ పల్లం దగ్గర పక్కకు జారుకోవలసిందే. ఇటువంటి బాటలు వంకర టింకరగా ఉంటాయి గనక సైకిలు వేగం కూడా దానంతట అదే తగ్గుతుంది. ఒక్క పారతో రెండు తగాదాలూ సగం తీరాయి!

మిగతా సగం మనుషులది. అమెరికాలో చాలా కొండబాటల మొదట్లో మూడు మూలల బోర్డు ఒకటి కనిపిస్తుంది. సైకిలు అందరికీ దారి ఇవ్వాలి, నడిచేవారు గుర్రానికి దారి ఇవ్వాలి అని దాని అర్థం. సైకిళ్ళవారు 1988లో పెద్ద సంఘం పెట్టుకుని, సెలవుల్లో పారలు పట్టుకుని బాటలు బాగుచేయటం మొదలుపెట్టారు. నడిచేవారి పక్కన నిలబడి మన్ను తవ్విన సైకిలువాణ్ణి తిట్టటం కొంచెం కష్టమే. అయినా మరీన్‌లో తగాదా పూర్తిగా సమసిపోలేదు. ఏ బాట ఎవరిదని ఈనాటికీ సభలలో వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు ఉత్తరం రాసిన అబ్బాయితో రెండు మాటలు. ముందు మీ గుట్ట ఎవరిదో కనుక్కో. పంచాయతీదా, అటవీశాఖదా, ఎవరి సొంతమా అన్నది తెలియకుండా ఎవరిని అడిగీ లాభం లేదు. ఈసారి సైకిలు లేకుండా, వాన వెలిసిన మర్నాడు, నడిచి ఎక్కు. నీరు ఎక్కడ కోసిందో, మలుపుల్లో అవతలి మనిషి ఎంత దూరంనుంచి కనిపిస్తాడో కాగితంమీద గీసుకో. గుట్టకు రెండో పక్క ఎవరూ నడవని చోటు ఉంటే, అక్కడ వేరే బాట వేసుకుంటామని పెద్దలను అడగవచ్చు. పొద్దున్న వేళ వాళ్ళది, సాయంత్రం మీది అని కూడా అడగవచ్చు. మీ నాన్న సంగతి నాకు వదిలిపెట్టు. ఈ పేజీ ఆయన కూడా చదువుతారని నా నమ్మకం. తలకు హెల్మెట్టూ, రెండు చక్రాలకూ పనిచేసే బ్రేకులూ, హ్యాండిలుకు గంటా లేకుండా గుట్ట ఎక్కించవద్దని ఆయనకు మాత్రం గట్టిగా చెబుతున్నాను.

అన్నట్టు, ఒకటి మరిచావు. ముళ్ళపొదలో పడ్డ తాతగారికి దెబ్బ ఏమైనా తగిలిందా? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. వెళ్ళి చూసివచ్చి, నాకు మళ్ళీ రాయి.