నవోదయ పరీక్ష, పొద్దుటి కడుపు నొప్పి

ప్రశ్న: మా బాబుకు పదేళ్ళు. అయిదో తరగతి చదువుతున్నాడు. ఈసారి నవోదయ ప్రవేశ పరీక్ష రాయాలి. రాత్రి పదిన్నర దాకా ట్యూషను. మళ్ళీ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, టీ ఇచ్చి చదివిస్తున్నాం. నెల రోజులుగా లేవగానే కడుపు నొప్పి అంటున్నాడు. చదివింది మరచిపోతున్నాడు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్కు ఏదైనా రాయగలరా? మా పాప నాలుగో తరగతి. దానికీ వాడవచ్చా?
– ఒక తల్లి, యాలాల్

జవాబు: అమ్మా, టానిక్కు సంగతి ముందే చెప్పేస్తాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు జ్ఞాపకశక్తిని పెంచుతుందని రుజువైన టానిక్కు ఏదీ లేదు. ఆ సీసా ఖరీదుతో కోడిగుడ్లు కొనండి.

మీ ఆత్రుత నాకు అర్థం కాకపోలేదు. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో మన రాష్ట్రపు మొట్టమొదటి గురుకుల పాఠశాల వెలిసింది. ఆయనే కేంద్రమంత్రిగా ఉన్న 1985-86లో నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. అక్కడ కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. చదువు, భోజనం, వసతి ఉచితం. కానీ ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి ఉండేవి మహా అయితే 80 సీట్లు. పైగా ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. అయిదో తరగతి మళ్ళీ చదివించి రాయిద్దామన్నా కుదరదు. అందుకే ఇంటిల్లిపాదీ ఆ పిల్లవాడి మీద పడతారు.

ఇక మీ వాడి సంగతి. పదిన్నరకు పడుకుని నాలుగింటికి లేస్తే అయిదున్నర గంటల నిద్ర. ఆ వయసు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. చదివింది మెదడులో కుదురుకునేది ముఖ్యంగా నిద్రలోనే. మీరు నిద్ర తగ్గించి చదివిస్తున్నారు, వాడు చదివింది నిలవడం లేదు. మరపుకు ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కరలేదు. తెల్లవారుజామున చదివితే బాగా వస్తుందన్న మాట చీకటి పడగానే ఊరంతా పడుకున్న రోజుల్లో పుట్టింది. ఇప్పుడు రాత్రిది రాత్రే ఉంచి, తెల్లవారుజామును మాత్రం పెద్దలు పట్టుకున్నారు. తొమ్మిదింటికి పడుకోబెట్టండి, ఆరింటికి లేపండి. ట్యూషను మాస్టారు ఒప్పుకోకపోతే ట్యూషనే తగ్గించండి. పడుకునే ముందు గంటసేపు సెల్‌ఫోను చేతికివ్వకండి.

కడుపు నొప్పి విషయంలో కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఆదివారం, పండుగ రోజుల్లో కూడా వస్తోందా? బొడ్డు చుట్టూనా, ఒక పక్కనా? పదింటికల్లా తగ్గి, వాడు ఆటలో పడుతున్నాడా? రోజూ విరేచనం సాఫీగా అవుతోందా? నాలుగింటికి లేపి పుస్తకం ముందు కూర్చోబెడితే పిల్లవాడు దొడ్డికి వెళ్ళడం మానేస్తాడు. బళ్ళో వెళ్ళడానికి సిగ్గుపడతాడు. ఈ వయసులో తరచూ వచ్చే కడుపు నొప్పికి మలబద్ధకమే ముఖ్య కారణం. దానికితోడు ఖాళీ కడుపున టీ. టీ మానిపించండి. పొద్దున కాసిని నీళ్ళు తాగించి, తొందరపెట్టకుండా పది నిమిషాలు దొడ్డికి వదిలేయండి. పండ్లు, ఆకుకూరలు పెట్టండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ట్యూషను ఉన్న రోజునే నొప్పి వస్తుంటే అది భయం వల్ల వచ్చే నొప్పి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. వాడు దొంగవేషాలు వేయడం లేదు. భయపడిన పిల్లల కడుపు నిజంగానే నొస్తుంది. నిద్రలోంచి లేపేసే నొప్పి, కుడివైపు కిందికి దిగే నొప్పి, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా భయం అనుకుని ఊరుకోక వెంటనే తాండూరు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

భయమంటే పరీక్ష తప్పుతాననే భయమే అని పెద్దలు అనుకుంటారు. నేను చూసిన పిల్లల్లో కొందరిది అందుకు సరిగ్గా వ్యతిరేకం. నెగ్గితే అమ్మను, ఊరిని వదిలి హాస్టలుకు పోవాలని వారి బెంగ. పదేళ్ళ పిల్లవాడు ఆ మాట పైకి అనడు, కడుపు నొప్పి అంటాడు. ఇంకొందరికి పక్క తడిపే అలవాటు ఉంటుంది. పదేళ్ళ వయసులో నూటికి అయిదుగురికి ఇది ఉంటుంది. తోటి పిల్లల మధ్య పరువు పోతుందని లోలోపల కుమిలిపోతారు. ఇది తప్పు కాదు, వైద్యం ఉంది. మీ బాబును ఒంటరిగా, తీరిగ్గా, వాడి తండ్రి కూడా లేనప్పుడు అడగండి: “నీకు అక్కడికి వెళ్ళాలని ఉందా?” అని. జవాబు ఏదైనా కోప్పడకండి. వెళ్ళాలని ఉందంటే ఇప్పటినుంచే తన బట్టలు తాను ఉతుక్కోవడం, పెట్టింది తినడం, రెండు మూడు రోజులు మేనమామ ఇంట్లోనో పెద్దమ్మ ఇంట్లోనో మీరు లేకుండా ఉండటం అలవాటు చేయండి.

ఈ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల సమయం. సగం ప్రశ్నలు, సగం మార్కులు బొమ్మలతో అడిగే మానసిక సామర్థ్యానివే. మిగతావి లెక్కలు, భాష. ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ తేడా వెంట్రుకవాసి ఉంటుంది. కాబట్టి గైడు కొనే ముందు కళ్ళు చూపించండి. చిన్నప్పటినుంచి మసకగా చూసే పిల్లవాడికి లోకమే అలా ఉంటుందనుకోవడం అలవాటు. నల్లబల్ల కనబడటం లేదని చెప్పడు. గోడమీది క్యాలెండరు అక్షరాలను దూరం నుంచి ఒక్కో కన్ను మూసి చదివించి చూస్తే కొంత తెలుస్తుంది. మెల్లగా కళ్ళు చికిలించినా, తల వంచి చూసినా అనుమానించవలసిందే.

రెండో పరీక్ష రక్తానిది. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనత. అట్టి పిల్లవాడు మందకొడిగా, పరధ్యానంగా ఉంటాడు. పెద్దలు ‘శ్రద్ధ లేదు’ అంటారు. బళ్ళో ఇచ్చే ఇనుము మాత్రలు, ఫిబ్రవరిలోను ఆగస్టులోను ఇచ్చే నులిపురుగుల మాత్ర చేదని పారేయకుండా చూడండి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు మీ ఇంటి పక్కన ఉండగా పొడి డబ్బాలెందుకు? పప్పులో తోటకూరో పాలకూరో వేసి నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా ఒంటపడుతుంది. భోజనం మీద టీ తాగితే ఆ ఇనుము వృథా.

చదువు విషయం నా వృత్తి కాదు గాని, అరగంట చదివాక లేచి తిరగనివ్వండి. పుస్తకం మూసి చెప్పించుకోండి, రెండు రోజులాగి మళ్ళీ అడగండి. పన్నెండడుగులు, పదడుగుల గదికి రెండడుగుల చదరం నాపరాళ్ళు ఎన్ని పడతాయో మీ వసారాలోనే లెక్క వేయించండి. ముప్పై అని చెప్పేసరికి వైశాల్యం వాడికి జన్మలో మరపు రాదు. పరీక్ష తెలుగులోనే రాయవచ్చు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి తెలియనిది ఎదురైతే గుండె జారిపోనక్కరలేదు. సున్నాలు బాల్‌పెన్నుతో నింపడం ఇంట్లో అలవాటు చేయండి. ఈ సంవత్సరాల్లో పరీక్ష 11.30కి మొదలవుతోంది. ఆ రోజు ఎనిమిదింటికి వాడికి అలవాటైన ఇడ్లీయో ఉప్మాయో పెట్టండి. కొత్తవేమీ వద్దు.

కొట్టడం, పక్కింటి పిల్లవాడితో పోల్చడం మానండి. సీటు రాకపోయినా అదే బడిలో, అదే ఇంట్లో ఉంటాడని ఫలితాలకు ముందే చెప్పండి, తరువాత చెబితే ఓదార్పులా వినిపిస్తుంది. “నేను లేకపోతే మీకు బాగుంటుంది” వంటి మాట ఏ పిల్లవాడి నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేసినా ఉచితంగా సలహా దొరుకుతుంది.

పాప నాలుగో తరగతి అన్నారు. రాష్ట్ర గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశానికి పరీక్ష నాలుగులోనే రాయాలి, ఆ సంగతి బళ్ళో కనుక్కోండి. దానికీ టానిక్కు వద్దు. బాబును ఆస్పత్రికి తీసుకెళ్ళే రోజు పాపనూ వెంట తీసుకెళ్ళండి, ఇద్దరికీ కళ్ళు, రక్తం ఒకేసారి చూస్తారు.