తలక్రిందుల నాట్యం

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమని మనవాళ్లు ఒక మాట అంటూ వుంటారు. నాట్యానికీ జుట్టు వూడడానికీ సంబంధ మున్నదంటే పాఠకులకు ఆ మాటే గుర్తు రావచ్చును. కాని బ్రేక్ డాన్స్ ఆడే కుర్రవాళ్ల విషయంలో ఆ ముడి నిజంగానే పడింది.

ఈ నాట్యం 1970 తరువాత న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ పేటలో పుట్టింది. 1980 దాటాక మన సినిమాల్లోకీ వచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడల్లో పోటీగా కూడా పెట్టారు. ఇందులో హెడ్ స్పిన్ అనే విన్యాసం ఒకటి వున్నది. కాళ్లు పైకెత్తి, నడినెత్తి నేల కానించి, బొంగరంలా గిర్రున తిరగడమే అది.

మనలో శీర్షాసనం వేసేవారు లేరా అంటారేమో! వున్నారు. అయితే వారు తలకింద మెత్తగా ఏదైనా వేసుకుని, ముంజేతుల ఆసరాతో కదలకుండా నిలుస్తారు. తట్ట మోసే కూలీ సైతం నెత్తిన చుట్టకుదురు పెట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం మనిషి బరువు నెత్తిన పడడమే కాక, ఆ నెత్తి నేలకు రాసుకుంటూ తిరుగుతుంది. వెంట్రుకలు మెలిపడి కుదుళ్లు లాగుకుపోతాయి. ముందు చర్మం కందుతుంది, మండుతుంది. తరువాత రూపాయి బిళ్లంత మేర జుట్టు పలచబడుతుంది. ఏళ్ల తరబడి సాగితే చర్మం దళసరెక్కి, కింద పీచువంటి కండ పేరుకుని బొప్పి కడుతుంది. గునపం పట్టిన అరచేయి కాయ కాచినట్లే ననుకోండి.

జర్మనీలో ఈ నాట్యం చేసే 106 మందిని విచారించగా, నూటికి 60 మంది నెత్తికి ఏదో ఒక బాధ వచ్చిందన్నారు. నూటికి 31 మందికి జుట్టు వూడింది. సుమారు 24 మందికి బొప్పి కట్టింది.

2024లో డెన్మార్కు వైద్యులు ఒక రోగి కథ ప్రకటించారు. అతనికి ముప్పై దాటాయి. పందొమ్మిదేళ్లకు పైగా ఈ నాట్యం చేస్తున్నాడు. వారానికి అయిదుసార్లు, గంటన్నర చొప్పున సాధన. నడినెత్తిన పెరిగిన బొప్పిని శస్త్రచికిత్సతో తీసివేశారు. ఇక టోపీ లేకుండా నలుగురిలోకి వెళ్లగలుగుతున్నానని అతను సంతోషించాడట!

ఆ టోపీ సంగతే ఆలోచించవలసింది. తిరిగేటప్పుడు నున్నని టోపీ పెట్టుకుంటే రాపిడి తగ్గుతుంది, అది మంచిదే. కాని బయట అదే టోపీ, వూడుతున్న జుట్టును ఇంట్లోవారి కంట పడకుండా దాచిపెడుతుంది. అక్కడే కాలం మించిపోతుంది. ఆడపిల్లలకు జడ మరీ బిగించి వేస్తే నుదుటి దగ్గర జుట్టు పలచబడడం మన ఇళ్లలో ఎరిగినదే గదా! లాగుడు వెంటనే మానితే ఆ జుట్టు చాలావరకు తిరిగి వస్తుంది. కుదురు మచ్చకట్టి మూసుకుపోయాక మాత్రం ఏ తైలమూ దానిని మొలిపించలేదు. ఇక్కడా అంతే.

కనుక నాట్యం మానమని కుర్రవాణ్ణి కసరవలసిన పని లేదు. కసిరితే టోపీ మరింత కిందికి దిగుతుంది. తల తిరిగే సాధన రోజూ చేయకుండా మధ్య మధ్య విరామ మివ్వాలి. గరుకు నేలమీద వట్టి తలతో తిరగరాదు. చెమట పట్టిన తలను శుభ్రంగా కడుక్కోవాలి. పుండు పడితే మానేవరకు ఆ విన్యాసం జోలికి పోరాదు. పలచబడిన చోటుగాని, బొప్పిగాని కనిపిస్తే చర్మవైద్యునికి చూపాలి.

ఆ చోటు ముందుగా తెలిసేది ఆదివారంనాడు తలంటే తల్లి చేతికి. అప్పుడామె ఎగతాళి చేయకుండా, “నొప్పిగా వుందా, నాయనా?” అని అడిగితే, టోపీ తీసి నిజం చెప్పడానికి ఆ కుర్రవాడికి ధైర్యం వస్తుంది.