జూన్ 15 దాకా ఎండ ఆగుతుందా?

మా తమ్ముడు అబుదాబీ ఎడారిలో సెంట్రింగ్ పని చేస్తాడు. మొన్న రాత్రి వీడియో కాల్ చేసి, అమ్మ ఎట్లుందని కూడా అడగకుండా పక్కవాడి సెల్లు కెమెరా ముందు పెట్టాడు. వచ్చే ఐదు రోజుల ఎండలు వరసగా ఉన్నాయి: 46, 47, 48, 48, 49. "ఇంక మే నెలనే గదన్నా" అన్నాడు.

తర్వాత ఫోన్ బాత్రూం వైపు తిప్పాడు. గోడ వెంట బకెట్లు. ట్యాంకు పైకప్పు మీద ఉంటుంది, పొద్దంతా కాగుతుంది. నల్లా తిప్పితే ఒళ్ళు బొబ్బలెక్కే నీళ్ళు. అందుకని డ్యూటీ దిగగానే ఎవరి బకెట్ వాళ్ళు నింపి పెట్టుకుంటారు. తెల్లారి నాలుగింటికి అవి చల్లారితే స్నానం. పన్నెండు మంది గదిలో పన్నెండు బకెట్లు. ఒకటి మాత్రం బోర్లించి ఉంది. ఎవరిదిరా అని అడిగాను. "నిజామాబాద్ అన్నది. పొద్దున కళ్ళు తిరిగి పడ్డడు, దవఖానల ఉన్నడు" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. నా కడుపు తరుక్కుపోయింది దానికే.

ఈ ఎండ చెప్పకుండా వచ్చిందా? తుఫానులా దారి మార్చుకుని మీద పడిందా? లేదు. ఐదు రోజుల ముందే వాతావరణ శాఖ చెప్పింది. కూలీ ఫోన్లో ఉంది, ఫోర్‌మన్ ఫోన్లో ఉంది, ఇంజనీర్ ఫోన్లో ఉంది, ఓనర్ ఫోన్లో ఉంది. అందరికీ తెలుసు. తెలిసీ తెల్లారి ఐదింటికి బస్సు వస్తుంది.

ఎందుకంటే అక్కడి చట్టం క్యాలెండర్ చూస్తుంది. యూఏఈలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదనే నిబంధన జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకే. సౌదీలోనూ అవే తేదీలు, పన్నెండు నుంచి మూడు దాకా. కువైట్‌లో జూన్ 1న మొదలై ఆగస్టు 31తో అయిపోతుంది. అసలు నిబంధనే లేకపోవడం కన్నా ఇది నయం, ఒప్పుకుంటాను. ఉల్లంఘించిన కంపెనీకి యూఏఈలో ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల జరిమానా కూడా ఉంది. మరి జూన్ 14న మండే ఎండ సంగతేమిటి? 2025 మే 24న అల్ ఐన్ దగ్గరి స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదయ్యింది. మే నెలలో! మధ్యాహ్న విరామం మొదలవడానికి అప్పటికి ఇంకా 22 రోజులుంది. ఆ 22 రోజులూ యాభైకి దగ్గరి ఎండలో ఇనుప చువ్వలు మోయించినా చట్టం దృష్టిలో తప్పు కాదు.

పైగా ముందొచ్చిన ఎండే ఎక్కువ ప్రమాదం. ఒంటికి వేడి అలవాటు కావాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. ఆగస్టు నాటికి ఎండలో రాటుదేలిన ఒళ్ళు వేరు, మేలో ఒక్కసారిగా 48 మీద పడిన ఒళ్ళు వేరు. సెలవుకు ఇంటికొచ్చి అప్పుడే తిరిగిపోయినవాడి సంగతి ఇంకా అధ్వానం. ఎడారి లోపల చెమట పట్టిందని తెలిసేలోపే ఆవిరైపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే మిగులుతాయి. సముద్రం పక్కన దుబాయిలోనో దోహాలోనో గాలి నిండా తేమ, అక్కడ చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. గుండె పరుగెత్తుతుంది, కిడ్నీలు ఎండిపోతాయి. తెల్లవారుజామున నాలుగింటికి డబ్బాలో కట్టుకున్న అన్నం పదకొండు గంటలకే పాసిపోయి ఉంటుంది. అది పారబోసి, ఖాళీ కడుపున నీళ్ళు తాగి మళ్ళీ చువ్వలు పట్టుకుంటాడు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పడు. చెబితే ఆ రోజు జీతం పోతుంది. ఊళ్ళో ఏజెంటుకు కట్టిన లక్షన్నర అప్పు, నూటికి రెండు వడ్డీ, వాడి తలలో ఎండ కన్నా ముందు తిరుగుతుంటాయి.

ఇక చనిపోయాక రాసే కాగితం. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. "సహజ మరణం." లేదంటే "గుండె ఆగిపోవడం." గుండె ఆగకుండా ఈ లోకంలో ఎవడైనా చచ్చాడా? ముప్పై రెండేళ్ళవాడు, పరీక్షలన్నీ పాసై వీసా మీద పోయినవాడు, పొద్దంతా పని చేసి రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే అది సహజమా? ఖతార్‌లో 2009 నుంచి 2017 దాకా చనిపోయిన నేపాలీ కార్మికుల మీద పరిశోధకులు అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. గుండె జబ్బని లెక్కకట్టిన 571 మరణాల్లో 200 దాకా, ఎండ నుంచి కాపాడి ఉంటే తప్పేవని తేల్చారు.

"సహజం" అనే ఆ ఒక్క మాటతో ఎన్ని తలుపులు మూసుకుంటాయో చూడండి. పని వల్ల పోలేదు కాబట్టి కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదు. మన ప్రభుత్వం కట్టించే ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాదంలో పోతే 10 లక్షలు, కానీ కాగితం మీద "సహజం" అని ఉంది గదా! ఇక్కడ మన తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి 4 లక్షల సాయం ప్రకటించారు. మంచి పని. అంటే జగిత్యాలలో 45 డిగ్రీలకు పోతే విపత్తు, అదే జగిత్యాల మనిషి ఎడారిలో 50కి పోతే సహజం! గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో జీవో వచ్చింది. కాదనను. కానీ శంషాబాద్‌లో పెట్టె దించుకున్న తర్వాత డబ్బు గురించి మాట్లాడేవాళ్ళు, ఆ పెట్టెలోని మనిషి ఎందుకు పోయాడని ఎందుకు అడగరు? ఎంతమంది పోయారని పార్లమెంటులో ప్రశ్న వేస్తే విదేశాంగ శాఖ లెక్క చెబుతుంది. అందులో ఎండకు పోయినవాళ్ళు ఎంతమందో చెప్పమని మన ఎంపీలు పట్టుబట్టరేం?

2024 హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీయే ప్రకటించింది. మక్కాలో 51.8 డిగ్రీలు. ప్రపంచం ఉలిక్కిపడింది. ఒకేచోట ఒకేసారి పోయారు కాబట్టి కనబడింది. మనవాళ్ళు ఒక్కొక్కరే, ఒక్కో క్యాంపులో, ఒక్కో రాత్రి పోతారు. సిరిసిల్లకొకటి, కామారెడ్డికొకటి, రాయచోటికొకటి పెట్టె వస్తుంది. ఇక కువైట్ ఎడారిలో గొర్లు కాసేవాడికి మధ్యాహ్న విరామం ఉందని చెప్పేవాడెవడు? అక్కడికి వెళ్ళి చూసే ఇన్‌స్పెక్టరెవడు?

చేయలేని పనా అంటే, కాదు. ఖతార్ 2021లో కొత్త నిబంధన తెచ్చింది. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే, ఏ నెలైనా ఏ గంటైనా బయటి పని ఆపాలి. ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం లోకమంతా కళ్ళు పెట్టి చూస్తుంటే వచ్చిన నిబంధన అది. అంటే మనిషిని కాపాడాలంటే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. మన ఢిల్లీ చూస్తోందా? హైదరాబాద్, అమరావతి చూస్తున్నాయా? కార్మికులను పంపే ఒప్పందంలో తేదీ తీసేసి థర్మామీటర్ పెట్టమని మన ప్రభుత్వం గట్టిగా అడగాలి. ప్రతి శవానికీ కారణం తేల్చే పరీక్ష జరిపించమని ఎంబసీ పట్టుబట్టాలి. పంపిన డబ్బుతో మిద్దెలు కట్టుకున్న మన ఊళ్ళు కూడా ఈ మాట గొంతెత్తి అడగాలి. మా ఇంటి మిద్దె కూడా ఆ చెమటతో లేచిందే, అందుకే అడుగుతున్నాను.

ఇది రాస్తుండగా తమ్ముడు మెసేజ్ పెట్టాడు. నిజామాబాద్ అన్న దవఖాన నుంచి వచ్చాడట, బకెట్ నింపుకున్నాడట. రేపు తెల్లారి ఐదింటికి ఇద్దరికీ డ్యూటీ. రేపు ఎండ 48. పని ఆపేది జూన్ 15న.