మేడలోని యిల్లు, పత్రములోని ధర

మన కుటుంబముల బిడ్డలు అమెరికాలో ఉద్యోగములు సంపాదించి అచ్చటనే యిండ్లు కొనుట నేడు సాధారణమైనది. ఒకప్పుడు కొడుకు పంపిన డబ్బుతో తండ్రి యిచ్చట మిద్దె కట్టెడివాడు. ఇప్పుడు కొడుకు కొనబోవు యింటికి తండ్రియే యిచ్చటనుండి డబ్బు పంపుచున్నాడు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము 2015 మొదలుకొని ఒక్కొక్కరు సంవత్సరమునకు 2,50,000 డాలర్ల వరకు విదేశములకు పంపవచ్చును. తాతలనాటి అంగడి అమ్మి పంపెడి సొమ్ము ఏ గోడల నడుమ పోయి కూర్చుండునో విచారించుట తండ్రుల విధి. కావున ఈ వారము స్థానిక విషయములను విడిచి, సముద్రముల కావలి వ్యవహార మొకటి వ్రాయుచున్నాము.

అమెరికా నగరములలో పెద్ద మేడలు రెండు విధములు. మొదటిది, మేడ యావత్తు ఒక్క యజమానికి చెంది, కాపురములవారు అద్దె యిచ్చునది. రెండవది, ఒక్కొక్క యిల్లు ఒక్కొక్కరికి సొంతమై, మెట్లు, లిఫ్టులు, పైకప్పు అందరికిని ఉమ్మడిగా నుండునది. దీనినే కాండోమినియ మందురు. 2003 మొదలు 2006 వరకు, అప్పులు సులభముగా దొరకిన కాలమున, షికాగో, మయామీ, శాన్‌డియాగో, లాస్‌వేగాస్ వంటి నగరములలో అద్దె మేడలు అనేకము కాండోలుగా మార్చబడినవి. మేడను టోకున కొని, ఇండ్లను చిల్లరగా అమ్ముటయే ఆ వ్యాపారము. ఇందు తప్పులేదు, మనమును నిత్యము చేయునది అదే. కాని సరుకును శుభ్రపరచి అమ్ముట వేరు, మూటపైభాగమున మాత్రము మంచి గింజలు పోసి అమ్ముట వేరు. వంటయింట గ్రానైటు బల్ల, నేలపై క్రొత్త తివాచి వేసి, గోడలలోని పాత గొట్టములను, ముప్పది యేండ్ల లిఫ్టును అట్లే యుంచి అమ్మినవారు కొందరు గలరు.

అంతకంటె సూక్ష్మమైన మోసము ధరలోనే జరిగినది. ఉదాహరణకు, రెండు లక్షల డాలర్లు చేయు యింటిని పత్రములో 2,60,000కు వ్రాయుదురు. బ్యాంకు ఆ ధరను నమ్మి అప్పిచ్చును. హెచ్చుగా వ్రాసిన అరువది వేలలో కొంత కొన్నవానికి చాటుగా తిరిగి చేరును. కొన్నవాడు పేరునకు మాత్రమే యజమాని. ఆ యింట కాపురముండడు. ఇంతటితో పోయిన బాగుండెడిది. ఆ పత్రము కౌంటీ రికార్డులో చేరును. పై అంతస్తులో అదే కొలతగల యింటికి విలువకట్టు నుద్యోగి ఆ రికార్డునే ప్రమాణముగా గైకొనును. ఒక దొంగ ధర పది నిజమైన ధరలను పైకి లాగును. పదునొకండవ వాడుగా కష్టార్జితముతో కొనువాడు మనవాడు కావచ్చును.

2006 తరువాత ధరలు పడిపోయినవి. 2012 నాటికి లాస్‌వేగాస్‌లో ఇండ్ల ధరలు సగమునకు మించి తరిగినవి. మయామీలో దాదాపు సగమైనవి. పేరునకు యజమానులైనవారు కంతులు మానివేసిరి. ఉమ్మడి ఖర్చుల చందాలును మానివేసిరి. వారి భాగము మిగిలినవారిపై బడినది.

అప్పుడు వ్యాప్తిలోనికి వచ్చినది షార్టుసేలు. బాకీకంటె తక్కువ ధరకు, బ్యాంకు సమ్మతితో, యజమాని యిల్లు అమ్ముటయే షార్టుసేలు. మన అంగడి భాషలో, రూపాయి బాకీకి పది అణాలు పుచ్చుకొని చెల్లు వ్రాసుకొనుట. దివాలా దీయుటకంటె ఇది ఉభయులకును మేలు. ఐనను ఇందును కపటము ప్రవేశించినది. మూడు లక్షల బాకీగల యింటికి నిజముగా 1,95,000 ఇచ్చువాడున్నను, ఏజెంటు ఆ సంగతి దాచి, 1,40,000 కంటె రాదని బ్యాంకును నమ్మించును. కొనువాడు వాని మనిషియే, తరచుగా ఏదో యొక కంపెనీ పేరు. మూడు వారములలో అదే యిల్లు 1,90,000కు మరల అమ్ముడగును. బ్యాంకుకు నష్టము సరే, బ్యాంకును గూర్చి మనము కన్నీరు కార్చనక్కరలేదు. కాని 1,40,000 అన్న అంకె రికార్డులో నిలిచి, ప్రక్కయింటివాని ఆస్తిని గూడ ఆ లెక్కకు దించును. వాడు అప్పు మార్చుకొనబోయిన, నీ యిల్లు బాకీకి చాలదందురు.

దీనిని అరికట్టుటకు కొన్ని కట్టుబాట్లు గలవు. షార్టుసేలులో అమ్మువాడు, కొనువాడు బంధువులు గాని వ్యాపార భాగస్వాములు గాని కారని ప్రమాణపత్రము బ్యాంకులు పుచ్చుకొనుచున్నవి. కొన్న 90 దినములలోపల మరల అమ్మబడు యింటి అప్పునకు ప్రభుత్వపు గృహ శాఖ హామీ యీయదని 2003లో నియమ మేర్పడినది. 2010 మొదలు 2014 వరకు దానిని సడలించి, పిమ్మట తిరిగి అమలుపరచిరి. కంపెనీల పేర రొక్కమిచ్చి విలువగల యిండ్లు కొనువారి అసలు పేర్లు తెలుపవలెనని 2016లో మన్‌హాటన్‌లోను, మయామీలోను ఉత్తరువులు వెలువడినవి. పత్రములో ఒక ధర, చేతిలో ఒక ధర అను విద్య మన దేశమున ఎరుగనివారు లేరు గనుక అమెరికావారిని మాత్రమే వేలెత్తి చూపుట తగదు. ఇచ్చట స్టాంపు ఖర్చు తప్పించుటకు ధర తగ్గింతురు. అచ్చట అప్పు పెంచుటకు ధర హెచ్చింతురు. అంతే భేదము.

ఐనను ధర వింతగా నున్నంతమాత్రమున మోసమని నిశ్చయించరాదు. ఒకే వరుసలో పండ్రెండవ అంతస్తు యిల్లు ఎక్కువకు, పదునాలుగవది తక్కువకు అమ్ముడు పోయినదన్న, రెండవదానికి కారు నిలుపు చోటు లేకపోవచ్చును. అన్నదమ్ములు పంపకముకై తొందరపడి అమ్మియుండవచ్చును. లేదా మేడ మరమ్మతుకై ప్రత్యేక వసూలు విధింపబడియుండవచ్చును. ఈ కడపటి కారణము నేడు మిక్కిలి ముఖ్యము. 2021 జూన్ 24వ తేదీన ఫ్లారిడాలోని సర్ఫ్‌సైడ్‌లో పండ్రెండంతస్తుల కాండో మేడ కూలి 98 మంది మరణించిరి. 2022లో ఆ రాష్ట్రము, మూడంతస్తులు, అంతకు మించిన పాత కాండో మేడలకు పరీక్షలను, మరమ్మతు నిధిని నిర్బంధము చేసినది. ఏండ్ల తరబడి నిధి కూడబెట్టని మేడలలో ఒక్కసారిగా వేలకొలది డాలర్ల వసూళ్లు వచ్చిపడినవి. అట్టి మేడలో చౌకగా దొరకు యిల్లు చౌక కాదు. మిగిలిన ధర తరువాత చెల్లింపవలసి యుండును.

అమ్మువారి కొక మాట. షార్టుసేలులో బ్యాంకు వదలుకొన్న బాకీని ఆదాయముగా నెంచి పన్ను వేయుట అచ్చటి సామాన్య నియమము. సొంత నివాసమునకు 2007లో మినహాయింపు చట్టము చేసిరి గాని, అది కాలపరిమితి గలది. మిగిలిన బాకీకై బ్యాంకు మరల రాకుండునట్లు కాలిఫోర్నియాలో 2011 నుండి చట్టము గలదు; అన్ని రాష్ట్రములలోను అట్లు లేదు. విడుదల పత్రము వ్రాతమూలముగా పుచ్చుకొనక తాళములు అప్పగించరాదు.

కొనువారు చూడవలసినవి కష్టసాధ్యములు కావు. మన ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు వలెనే, అచ్చట అనేక కౌంటీలలో క్రయముల రికార్డు ఎవరైనను చూడవచ్చును. టెక్సాసు వంటి కొన్ని రాష్ట్రములలో ధర ప్రకటింపరు. అచ్చట స్వతంత్రుడైన విలువదారుని పెట్టుకొనవలెను. ఆ మేడలో అదే వరుసనున్న యిండ్ల పూర్వ విక్రయములు, ఒకే పేరు పలుమార్లు కనబడుచున్నదా, ఒకే యిల్లు కొలది వారములలో రెండు చేతులు మారినదా యనునవి చూడవలెను. మేడ సంఘపు సమావేశ వివరములు, మరమ్మతు నిధి లెక్క, చందాలు బాకీపడినవారి సంఖ్య అడుగవలెను. అరువది దినములు మించి బాకీపడిన యిండ్లు నూటికి 15 దాటిన మేడలలో పెద్ద అప్పు సంస్థలు అప్పులను స్వీకరింపవని గత మాంద్యము పిమ్మట నియమ మేర్పడినది. అప్పు పుట్టని మేడలో రేపు మన యిల్లు కొనువాడెవడు?

కొడుకు ఫోనులో మంచి బేరము దొరకినదని తొందరపడిన, ఆ వరుస యిండ్ల పది సంవత్సరముల క్రయ పట్టికను, సంఘపు లెక్కలను ముందు పంపుమని అడుగుడు. ఆ కాగితములు చదువుకొనుట కష్టమైనవారు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు తీసికొనిరావచ్చును. లెక్కలు తెలిసిన సభ్యులు కూర్చుండి చూతురు. రుసుము లేదు.