గడువు ప్రజలది

శాసనసభ్యత్వము సభ్యులకు సంక్రమించిన యాస్తి కాదు. ప్రజ లైదేండ్లకు నమ్మి యిచ్చిన కౌలు. కౌలుదారుఁడు తన గడువును తానే పొడిగించుకొనుట యెట్టి యన్యాయమో, యజమాని యిచ్చిన గడువును మధ్యవర్తులు కుదించుటయు నట్టి యన్యాయమే.

మొదటి యన్యాయమును దేశము చూచినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, 42వ రాజ్యాంగ సవరణము లోక్‌సభ గడువును, శాసనసభల గడువును ఆఱేండ్లకుఁ బెంచెను. 1978 నాఁటి 44వ సవరణము వానిని మరల నైదేండ్లకుఁ దెచ్చెను. రెండవది, 2024 డిసెంబరులో లోక్‌సభలోఁ బ్రవేశపెట్టఁబడిన 129వ సవరణ బిల్లులోఁ గలదు. జమిలి యెన్నికలకై, శాసనసభ నడుమ రద్దయినచోఁ దరువాత నెన్నికైన సభ మిగిలిన కాలమునకే యుండవలెనని దాని నిబంధన. మాటిమాటికి నెన్నికలైనచో వ్యయము పెరుగునను వాదము త్రోసివేయఁదగినది కాదు. కాని 1983లో నెన్నికైన మన శాసనసభ, 1984 సంక్షోభానంతరము రద్దుకాఁగా, 1985 మార్చిలోఁ బ్రజలు నూతన సభను బూర్తి గడువునకే యెన్నుకొనిరి. ఇట్టి నిబంధన నాఁడున్నచో నా తీర్పునకు మూఁడేండ్ల యాయువును లభించియుండదు.

ఒక వ్యక్తి యిన్ని మాఱులే సభ్యుఁడు కావలెనను పరిమితిని మఱికొందఱు కోరుచున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1990లో దిగువసభకు ఆఱేండ్లు, ఎగువసభకు ఎనిమిదేండ్లు హద్దుగా విధించెను. 2012లో దానిని, ఏ సభలోనైనను మొత్తము పండ్రెండేండ్లుగా మార్చెను. అట్టి నియమము మన కడప జిల్లాలో నేమి సాధింపఁగలదు? పులివెందులకు 1978 మొదలు ఒకే కుటుంబమువారు, తండ్రి, పినతండ్రి, తల్లి, కుమారుఁడు మొదలగువారు, ప్రతినిధులైరి. అచ్చట వ్యక్తికి హద్దు పెట్టినచోఁ బేరు మాఱును గాని యిల్లు మాఱదు. జమ్మలమడుగున ఆదినారాయణరెడ్డిగారు 2004, 2009, 2014, 2024 సంవత్సరములలో మూఁడు పార్టీల పక్షమున గెలిచిరి. ప్రొద్దుటూరువారు నంద్యాల వరదరాజులరెడ్డిగారిని 1985 మొదలు 2004 వఱకు వరుసగా నైదు మాఱులు గెలిపించి, 2009లో వేఱొకరి నెన్నుకొని, 2024లో మరల నాయననే పంపిరి. దించు శక్తియు నెక్కించు శక్తియు వోటరు చేతనే యున్నవని ప్రొద్దుటూరు చూపినది.

అయిన నా శక్తి నిజమగుటకు రెండు కావలెను. ప్రత్యర్థి నిర్భయముగా నిలువఁగలుగవలెను. పార్టీలు తమ యభ్యర్థిని స్థానిక సభ్యుల వోటుచే నెన్నుకొనవలెను. ఐదేండ్ల గడువును బెంపవలదు, కుదింపవలదు. పల్లెలలోఁ బలుకుబడి గల పెద్దలును, పట్టణములలోని విద్యావంతులును, తమ యూరి పోలింగు కేంద్రమున బీదవోటరు భయము లేక వోటు వేయునట్లు చూచినచో, నంతకు మించిన పరిమితిశాసనము వేఱొండు లేదని మా దృఢాభిప్రాయము.